కట్ట మీద నాలుగు నుంచి ఏడు దాకా

కంభం,
శుక్రవారం మధ్యాహ్నం

అమ్మీకి,

నీ కొడుకు షబ్బీరు సలాములు. ఒంటి వరకైతే నేను, ఆలియా బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, మహజబీను, దాని బుడ్డోడు కులాసాగా ఉన్నారని తలుస్తాను. బుడ్డోడు రాత్రంతా ఏడ్చి పగలంతా నిద్రపోతున్నాడని రాశావు. పోలిక ఎక్కడికి పోతుంది, మేనమామదే.

గిద్దలూరు గంట దూరం, బస్సెక్కి వస్తే అయిపోయేదానికి ఉత్తరమేందిరా అని నువ్వు అడుగుతావని తెలుసు. ఫోను చేస్తే నీకు సరిగ్గా వినపడక స్పీకరు పెడతావు. ఆలియాకు వాంతులవుతున్నాయని మొన్న చెబితే మహజబీను వీధిలో ముగ్గురు మూడు రకాల కషాయాలు చెప్పారు. పోనీ ఎదురుగా వచ్చి చెబుదామంటే నీ ముఖం చూస్తూ చెప్పగలిగిన సంగతి కాదు. నీ కళ్ళద్దాలు పెట్టుకుని నువ్వే చదువుకో. తౌఫీక్ బావతో చదివించుకోవద్దు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. ఆలియా ఐరన్ మాత్రలు వేసుకుంటోంది. ఐదో నెల గడిచింది. ఈ మధ్య చింతకాయ తప్ప ఏదీ సయించడం లేదు. పైకప్పు రేకు బిగించాను, వాన పడితే గాని బిగిసిందో లేదో తెలియదు. బక్రీదుకని నీ పేరున మాలకొండయ్య చిన్నాయన మందలో పెంచుతున్న పొట్టేలు బాగుంది. మెడకు నువ్వు కట్టిన ఆకుపచ్చ దారం ఇంకా ఉంది. మనుషుల్ని చూసి తల ఊపడం నేర్చింది.

ఇక నాలుగో ప్రశ్న. "కట్ట మీద యాక్సిడెంటు అయిందంట, నీ మెడకేమన్నా చుట్టుకుంటాదా?" అని అడిగావు. చుట్టుకుంది అమ్మీ. నువ్వు అనుకున్న తీరుగా మాత్రం కాదు.

ఇప్పుడు చెరువు కట్ట ఎట్లా ఉందో నువ్వు చూడలేదు. ఎవరో చెరువును వీడియోలు తీసి ఫోన్లలో పెట్టినప్పటి నుంచి ఆదివారం వస్తే తిరునాళ్ళే. కార్లు, ఆటోలు, ట్రాక్టర్లు, నడిరోడ్డు మీద నిలబడి ఫోటోలు దిగే జంటలు, వాళ్ళ మధ్యలో మా అద్దె బండ్లు. మార్కాపురం సంజీవరావు గారు పన్నెండు కరెంటు బండ్లు తెచ్చి కట్ట కింద పెట్టి, వాటిని నాకు అప్పజెప్పారు. ఇవ్వడం, తీసుకోవడం, ఛార్జింగు పెట్టడం నా పని. ఇరవై ఐదు స్పీడు దాటని బండికి లైసెన్సు అక్కర్లేదు కాబట్టి మీసం రాని పిల్లలు కూడా వరుస కడతారు. హెల్మెట్లు నాలుగే ఉన్నాయి. అవీ గూట్లోనే ఉంటాయి.

పోయిన నెల ఒక ఆదివారం సాయంత్రం ఒంగోలు నుంచి వచ్చిన పవన్ అనే కుర్రాడు, మా దగ్గర బండి అద్దెకు తీసుకుని, వెనక స్నేహితుడిని ఎక్కించుకుని, వాడు వీడియో తీస్తుంటే మలుపులో గొర్రెల మందలోకి దూసుకుపోయాడు. రెండు గొర్రెలు అక్కడికక్కడే పోయాయి. అడ్డం వెళ్ళిన మాలకొండయ్య చిన్నాయన కాలు విరిగింది. ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయింది నేనే. దారి పొడుగునా ఒకటే మాట.

"బస్సు వస్తే మలుపు అవతల్నుంచే జీవాలకు తెలుస్తాది నాయనా. చెవులు నిక్కబెడతాయి, పక్కకు ఒరుగుతాయి. ఈ బండికి సద్దే లేదే. వాటికేం తెలుస్తాది పాపం, నాకే తెలియకపోయె."

తన కాలు మాట ఎత్తలేదు. పవన్ తండ్రి వచ్చి, ఆస్పత్రి ఖర్చు, గొర్రెల నష్టం పెట్టుకుని కొడుకును తీసుకుపోయాడు. అక్కడికి అయిపోయింది అనుకున్నాను.

ఇప్పుడు వైరు సంగతి చెప్పాలి. ప్రతి బండికీ సీటు కింద ఒక చిన్న వైరు ఉంటుంది. అది తగిలించి ఉన్నంతసేపు ఇరవై ఐదు దాటదు. ఊడదీస్తే యాభై దాకా పోతుంది. "ఏందన్నా ఇది, సైకిలు నయం" అని జనం బండి తిరిగి ఇచ్చేస్తుంటే సంజీవరావు గారు చూశారు. "పీకెయ్ షబ్బీరూ, అందరూ పీకేదే" అన్నారు. పన్నెండు బండ్లకూ పీకాను. ఆయన చెప్పారు, నిజమే. పీకింది మాత్రం ఈ చేతులే.

ఆ యాక్సిడెంటు మీద విచారణకు ఆఫీసరు వచ్చే రోజు పొద్దున్నే వైర్లన్నీ మళ్ళీ తగిలించమన్నారు. తగిలించాను. "బండి ఎంత స్పీడు పోతుంది?" అని ఆఫీసరు అడిగితే, "ఇరవై ఐదే సార్, కావాలంటే నడిపి చూడండి" అన్నాను. నడిపి చూశాడు. ఇరవై ఐదే పోయింది. ఆయన వెళ్ళిపోయాక సంజీవరావు గారు నా భుజం మీద చెయ్యేసి, "నిజం చెప్పినావంటే కేసు నీ మీదనే గదా అయ్యేది. ఇంట్లో ఆడకూతురు కడుపుతో ఉండాది, చూసుకో" అన్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అప్పటి నుంచి అన్నం ముందు కూర్చుంటే ఆకలి చచ్చిపోతోంది. ఆలియాకు కూడా చెప్పలేదు.

మంగళవారం కట్ట బాగోగులు చూసే కమిటీ మీటింగు పెట్టారు. ఆఫీసరు, హోటళ్ళ వాళ్ళు, దుకాణాల వాళ్ళు, సంజీవరావు గారు వచ్చారు. అద్దె బండ్లకు నిబంధనలు పెడతారని ఊరంతా అనుకుంది. నేనూ అదే కోరుకున్నాను అమ్మీ, ఒట్టు. పిల్లలకు ఇవ్వకూడదని, హెల్మెటు లేనిదే కదలకూడదని, సాయంత్రం మందలు తిరిగొచ్చే వేళ బండ్లు ఆపెయ్యాలని పైవాళ్ళే చెబితే నా తల మీద బరువు దిగుతుందని ఆశపడ్డాను.

వాళ్ళ లెక్క వేరేగా నడిచింది. బండి ఇరవై ఐదే పోయిందని విచారణలో తేలింది కాబట్టి తప్పు బండిది కాదు. బండిది కాకపోతే గొర్రెలది. పైగా వచ్చినవాళ్ళ బట్టలకు పెంటికలు అంటుకుంటున్నాయని హోటలాయన ఒకటి కలిపాడు. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా జీవాలను కట్ట మీదికి తోలరాదు, తోలితే జరిమానా, అని తీర్మానం అయింది. హెల్మెటు పెట్టుకుంటే మంచిదని కింద ఒక ముక్క తగిలించారు. నేను చెప్పిన ఒక్క అబద్ధం మీద ఈ మేడంతా కట్టారు.

మందలవాళ్ళ తరఫున మాలకొండయ్య చిన్నాయన వేలిముద్ర వెయ్యాలన్నారు. కట్టు కాలితో, సుబ్బులు చిన్నమ్మ భుజం పట్టుకుని వచ్చి వరండాలో కూర్చున్నాడు. అందరూ టీకి లేచారు. ఆఫీసరు కాగితం ఆయన ముందు పెడితే, "మా షబ్బీరు చదవనీ సార్, అప్పుడు వేస్తా" అన్నాడు.

నీకు తెలియంది కాదు. పాసు పుస్తకమైనా, కోర్టు నోటీసైనా, ఆయనకు అబ్బానే చదివి పెట్టేవాడు. అబ్బా పోయాక నేను. "యాకూబన్న ఇంట్లో చదివినాక ఇంక మళ్ళ అడిగేదేముంది" అంటాడు. ఆఫీసరు కాగితం నా చేతికిచ్చి తనూ టీకి పోయాడు.

నేను చదివాను అమ్మీ. కాగితంలో ఉన్నది చదవలేదు. నాలుగు నుంచి ఏడు దాకా అనే వరకు ఉన్నదే చదివాను. ఆ తర్వాత నోరు తిరగలేదు. అద్దె బండ్లు కట్ట మీద నిదానంగా పోవలెను, జీవాలు కనబడితే ఆగి గంట కొట్టవలెను, అవి దాటిన తర్వాతనే కదలవలెను, అని చదివాను. ఎక్కడి నుంచి వచ్చాయో ఆ మాటలు, గడగడా వచ్చేశాయి.

చిన్నమ్మ కళ్ళు తుడుచుకుంది. చిన్నాయన, "న్యాయంగా రాసినారు నాయనా. గంట ఒకటి ఉంటే చాలు, జీవాలకు తెలిసిపోతాది" అని వేలిముద్ర వేశాడు.

మరుసటి రోజు చెబుదామనుకున్నాను. బుధవారం వాళ్ళ ఇంటి దాకా పోయి, కాలు ఎట్లుందని అడిగి, మజ్జిగ తాగి వెనక్కి వచ్చాను. చెప్పలేదు.

నిన్న సాయంత్రం, కాలి కట్టు ఇంకా విప్పకపోయినా, ఆయనే కర్ర ఊతం పట్టుకుని మందతో వచ్చాడు. నాలుగు దాటింది. కమిటీ నిన్నటి నుంచే పెట్టిన వాచ్‌మెన్ నాగేంద్ర కట్ట మొదట్లో తాడు అడ్డం కట్టి ఆపాడు. చిన్నాయన గొడవ పడలేదు. "నీకు సరిగ్గా చెప్పినట్టు లేరు నాయనా. ఆగాల్సింది బండ్లు. షబ్బీరు చదివినాడు, నేను వేలిముద్ర వేసినా. పిలువు, ఆడనే ఉండాడు" అన్నాడు. గొర్రెలు అరుస్తున్నాయి. జనం చుట్టూ మూగి వీడియోలు తీస్తున్నారు. మా దుకాణం అక్కడికి ఇరవై అడుగులు. పోక తప్పలేదు.

"ఏందన్నా, కాగితంలో ఉండేది పెద్దాయనకు చదివి చెప్పినావా లేదా?" అన్నాడు నాగేంద్ర.

సంజీవరావు గారు దుకాణం ముందు కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. నేనన్నాను గదా అమ్మీ, "చదివే చెప్పినా. చిన్నాయన మరిచిపోయినట్టుండాడు."

ఆయన నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. నాగేంద్ర వైపు తిరిగాడు.

"అవు నాయనా. ఈ మధ్య మతిమరుపు ఎక్కువైంది నాకు. పిల్లోడు సరిగ్గానే చదివినాడు."

మందను వెనక్కి మళ్ళించాడు. కట్ట కింద వాగులో పడి చుట్టూ తిరిగి పోవాలి, ఆరు కిలోమీటర్లు. సిగ్గు లేక నాలుగడుగులు వెంట నడిచాను. ఆయనే ఆగి, ఎవరికీ వినపడకుండా అన్నాడు.

"నువ్వు చదివినట్లే రాసింటే ఎంత బాగుండు నాయనా."

కాగితం చదవడంలో నా అబద్ధం ఆయనకు తెలిసిపోయింది, దాన్ని నెత్తిన వేసుకుని పోయాడు. వైరు సంగతి కాక ఆయనకు తెలియనిది ఇంకొకటి మిగిలింది. ఆ తీర్మానం రాసింది కూడా నేనే అమ్మీ. దస్తూరి బాగుంటుందని నన్ను కూర్చోబెట్టి ఆఫీసరు చెబుతూ పోయాడు. "జీవాలను" అని రాసి పెన్ను ఆపాను. "ఏమయ్యా, ఇంకు అయిపోయిందా?" అన్నాడు. లేదు సార్ అని, మిగతాది రాశాను.

ఇట్లు,
నీ కొడుకు
షబ్బీరు