నికరాగువా ఎక్కడుంది?

అక్టోబర్ 1978, ఆదివారం. మిర్యాలగూడ.

సాయంత్రం లైబ్రరీ హాల్లో గెలిచి వచ్చాను. అన్నం సహించలేదు.

నికరాగువాలో నియంత సైన్యం సొంత ఊళ్ళ మీదే బాంబులు వేస్తోందని, అక్కడి జనానికి అండగా మన ఊరి నుంచి ఉత్తరం పంపాలని రామనర్సయ్య సభ పెట్టాడు. గ్రంథాలయ సంఘం అధ్యక్ష పదవి నా దగ్గర లాక్కున్నవాడు. మాటల్లో మధ్య అమెరికాలో ఉన్న ఆ దేశాన్ని తీసుకెళ్ళి ఆఫ్రికాలో పెట్టాడు. పదేళ్ళుగా ఇలాంటి తప్పు కోసమే కాచుకుని ఉన్నాను. లేచి, "అధ్యక్షా, రాజధాని పేరైనా తెలుసా?" అన్నాను. "మనాగువా" అని నేనే అందించాను. హాలంతా నవ్వింది.

"గంత సదివినవ్ గదా సారూ, నువ్వే రాయి" అని, అడుగున తన సంతకం ముందే పెట్టిన తెల్లకాగితం నా ముందుకు తోశాడు.

"నీ సంతకం ఉన్న కాగితం నేను ముట్టను" అన్నాను. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. సభ అక్కడితో ఖతం.

మెట్ల దగ్గర రైస్ మిల్లు కూలీ లచ్చమ్మ ఆపింది. బొటనవేలికి అప్పటికే సిరా అంటించుకుని ఉంది.

"పోయినేడు సమ్మెల మమ్ముల కొట్టినప్పుడు కోదాడ కూలోళ్ళు ముద్రలేసి కాయితం పంపిండ్రు సారూ. మొకం ఎరగనోళ్ళు. గది సదివించుకొనే నిలబడ్డం. గా దేశం ఏ దిక్కున్నదో తెల్వకుంటే నా ముద్ర చెల్లదా?"

చెల్లుతుందంటే రామనర్సయ్యను నేనే వెనక్కి పిలవాలి.

"చెల్లదమ్మా" అన్నాను.

చదువుకున్నవాణ్ని కదా, నమ్మింది. వేలు కొంగుకు తుడుచుకుని వెళ్ళిపోయింది.