మామయ్య దాచిన పన్ను

మామయ్యా, పది గంటలకు చిన్నమామయ్య కారు తెస్తారు. ఆయనతో పంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. రేపు డయాలసిస్‌లో రక్తం పలచబరిచే మందు ఎక్కిస్తారు, కాబట్టి పన్ను సంగతి ఇవాళే తేలాలి. నీలం గిన్నెలో మెత్తగా కొట్టి వండిన మాంసం ఉంది, తిని వెళ్లండి. ఎండు ఆప్రికాట్లు, కురుత్ పెరుగు ఉండలు ముట్టుకోకండి, మీ కిడ్నీలకు పడవు.

కోడలు ఎదుట నిలబడి అనగలిగే మాటలు కావివి, అందుకే రాస్తున్నాను. రక్తం పట్టే సూది మందు రెండుసార్లు పెంచినా మీ హిమోగ్లోబిన్ ఎనిమిది దాటలేదు. "ఒంట్లో ఎక్కడో చీము దాగుందమ్మా. అది పోనిదే సూది పనిచేయదు, ఆయన గుండె ఎన్నాళ్లని తట్టుకుంటుంది? నీకేమైనా కనబడిందా?" అని నిన్న డాక్టరమ్మ అడిగింది. లేదన్నాను. సాయంత్రం మీ దిండు గలీబు ఉతకబోతే చీము మరక కనిపించింది.

మూడు నెలలుగా మీ వాటా మాంసం మనవరాలు ఐజిరెక్‌కు పెడుతుంటే పెద్దల దీవెన అని మురిసిపోయాం. నమలలేక పెడుతున్నారని ఎవరికీ తట్టలేదు. మీరైనా చెప్పలేదు.

సాల్తనత్

ఐజిరెక్‌ను కోప్పడకండి. దిండు చూపించేదాకా మీ గుట్టు విప్పలేదు. "తాతకు నొప్పి తగ్గేదాకా ఆయన వాటా నేను తింటానన్నానమ్మా" అంది.