గిన్నెలు మోగించిన నాలుగు తీగలు

మారికుప్పం,
14 నవంబరు 2003.

అమ్మా ఇసబెల్లా,

తాత గిటారుకు రెండు తీగలు ఊడిపోయాయని రాశావు. ఏవీ ఊడలేదు. అది బేసు గిటారు, నాలుగు తీగలతోనే పుట్టింది. ఇక్కడ ప్రభువు దయవల్ల నా మోకాళ్ళు తప్ప అందరం క్షేమం. బెంగళూరులో నువ్వు వేళకు తింటున్నావని నమ్ముతున్నాను.

దాని కంపెనీ కరపత్రం ఉందా అని అడిగావు. నా బైబిలులో భద్రంగా ఉంది. బొమ్మలో టై కట్టిన దొర వాయిస్తుంటాడు. పక్కనే ఒక పిల్ల గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అతణ్ణి చూస్తుంటుంది. కింద, 'ఇల్లు కదిలించే నాదం' అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. అప్పుడు సరికొత్తదని పొగిడి అమ్మారు. ఇప్పుడు మీ వాయిద్యాల షాపాయన పాతదని పొగిడి కొంటానంటున్నాడు. పొగడ్తకు వయసుతో పనేముంది?

మనింట్లో వాయించేవాళ్ళు లేరు, ఆదివారం ఆయన్ని తీసుకొస్తాను, అమ్మేద్దాం అన్నావు. అందుకే ఈ ఉత్తరం.

డెబ్బై నాలుగులో మీ తాత ప్రేమరాజు దాన్ని, స్పీకరు పెట్టెతో సహా, చర్చి పాటల బృందం కోసం కొన్నాడు. బంగారు గని లోపల రాయి పేలితే ముందు మన ఇళ్ళలో గిన్నెలు మోగేవి. మోగితే చాలు, ఆడవాళ్ళు ఉన్నపళాన మగవాళ్ళు గనిలోకి దిగే షాఫ్టు దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. ఒక సాయంత్రం బేసు దెబ్బకు గిన్నెలు మోగాయి, మన గని కార్మికుల ఇళ్ళ లైనంతా పరుగెత్తింది. తిరిగొచ్చిన వాళ్ళకు తాత గుమ్మంలో నిలబడి, "నేనే మీటినాను, మన్నించండప్పా" అన్నాడు. మనుషులు గనిలో ఉన్నంతకాలం దాన్ని ముట్టనని మాట ఇచ్చాడు. ముట్టకుండానే పోయాడు.

మీటింది నేను. బొమ్మలో పిల్లలాగా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చోవడం నావల్ల కాలేదు. ఒక్కటంటే ఒక్క తీగ, లావుపాటిది. కంపెనీవాడు ఆ ఒక్క ముక్క నిజమే రాశాడు. పిల్లలకు సత్యం పలకమని పాఠం చెప్పే పంతులమ్మను, తలుపు వెనక నోరు మూసుకున్నాను.

మొన్న తట్టుకోలేక పక్కింటి సొన్నమ్మతో చెప్పేశాను. ఆ రోజు ఆమె మొగుడు గనిలోనే ఉన్నాడు. రాగిపిండి చేతులతో పరుగెత్తిన మనిషి. తిడుతుందనుకున్నాను. చాటలో బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

"ఆ పొద్దు ప్రేమరాజన్న నా పక్కనే కదక్కా పరిగెత్తినాడు. నాతో పరిగెత్తినోడు ఇంట్లో యాడ వాయిస్తాడు? లైనుకంతా తెలుసు."

ముప్పై ఏళ్ళు ఎందుకు చెప్పలేదన్నాను.

"ఆయప్ప నీకోసరం అంత చక్కగా అబద్దం చెప్తా ఉంటే, మేమెట్ల చెరిపేది? గని మూసేసినారు, ఇంగ దాంట్లో ఎవురుండారు? ఈ క్రిస్మసుకు నువ్వే వాయించు. ఈతూరి పరిగెత్తం, కూసోని వింటాం."

అప్పటినుంచి నా వేళ్ళు ఊరుకోవడం లేదమ్మా. రోజూ రెండు పూటలా సాధన చేస్తున్నాను, తీగలు తుప్పుపట్టి గీరుకుంటున్నా సరే.

కాబట్టి ఆదివారం షాపాయన్ని తేవద్దు. ఆయన దగ్గరే బేసు తీగలు ఒక కట్ట కొని మారికుప్పం రైలెక్కు. నాలుగే, ఆరు కాదు. లావుపాటిది ఉందో లేదో షాపులోనే విప్పి చూసుకో.

ఇట్లు,
గిన్నెలు మోగించిన మీ అవ్వ,
ఎస్తరమ్మ.