మంచం కింద దుమ్ము

అక్కా,

ముందు కూర్చో, తర్వాత చదువు. మా పాపకు గండం గడిచింది.

మా ఇంటి వెనక పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డు ఉందని చెప్పాను కదా. మా పాపకూ వీధిలో పిల్లలకూ ఈ కడుపునొప్పులు ఎందుకొస్తున్నాయో తేల్చడానికి పోయిన నెల ఆరోగ్యశాఖ మేడమ్ వచ్చింది. షెడ్డు యజమాని దగ్గరుండి పరీక్షకని ఆవరణలో మట్టి తీయించాడు. నేను తలుపు చాటు నుంచి చూస్తున్నాను. ఆ ఎర్రమట్టి అంతకు రెండు రోజుల ముందే లారీలో తెచ్చి పరిచారు. అక్కణ్ణుంచి మా ఇంట్లోకొచ్చి పడే బూడిదరంగు దుమ్ము రోజూ ఊడ్చేది నేను, నాకు తెలియదా? మేడమ్ సంచి సర్దుకుంటుంటే తలుపు దాటి ముందుకొచ్చాను. చెప్పేశాను.

"అది కొత్త మట్టండీ. పాతది కావాలంటే మా మంచం కింద ఉంది, తీసుకోండి."

"ఈ పిల్లకేం తెలుసండీ!" అని యజమాని నవ్వాడు. మేడమ్ నవ్వలేదు. చెప్పులు విప్పి లోపలికొచ్చి, మంచం కిందా కిటికీ గూట్లోనూ దుమ్ము తీసుకుంది.

ఆ దుమ్ము నిండా బ్యాటరీల సీసమేనట, పిల్లల కడుపునొప్పులకు ఆ విషమే కారణమట! షెడ్డుకు సీలు వేశారు. పిల్లలందరికీ రక్తపరీక్షలు చేశారు. పాప రక్తంలోనూ ఉంది, కానీ వేళకు పట్టుకున్నామని, మందులతో తగ్గుతుందని డాక్టరు చెప్పాడు. ఇల్లు ఊడవకుండా తడిగుడ్డతో తుడవమన్నారు.

"నోట్లో నాలుక లేదనుకున్నాను, ఇన్నాళ్లూ ఎక్కడ దాచావే?" అని అత్తయ్య ఒకటే మురిసిపోతోంది.

పక్క వీధిలో ఎక్కడెక్కడ దుమ్ము తీయాలో చూపించడానికి మేడమ్ రేపు నన్ను రమ్మంది. వెళ్తున్నాను అక్కా. ముందు నడిచేది నేనే!

నీ చెల్లి