పెరిగి తగ్గే అంకె

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. మా ఆఫీసు కంప్యూటర్ బాగోగులు చూసేది నువ్వే కాబట్టి నీకే రాస్తున్నాను. అందులో రాస్తే ఇదీ బయటపడుతుందని కాగితం పట్టుకున్నాను.

అందరం ఒకే పెద్ద యంత్రం మీద పనిచేస్తాం కదా. ఎవరి పనికి ఎంత మెమరీ పడుతోందో చూపే పట్టికను ఎవరైనా తెరవచ్చట! ఈరోజు పక్క సీటాయన అది చూస్తూ, "ఏంటి మేడమ్, కాస్త రాస్తున్నారు, మొత్తం చెరిపేస్తున్నారు? రాజీనామానా?" అన్నాడు. నేను రాసింది ఆయన చదవలేదు. అంకె పెరిగి పడిపోవడం చూశాడంతే.

అది విభాగాధిపతి పోస్టుకి దరఖాస్తురా. శుక్రవారం ఆఖరు. 'నా అర్హతలు' దగ్గర ఒక్క వాక్యం నిలవడం లేదు. రాయగానే, ఇది నిజమేనా అనిపిస్తుంది.

ఎటూ తేల్చుకోలేని
నీ అక్క

అక్కకి,

నమస్కారాలు. అంకెను కాస్త మొద్దుబార్చాను. ఇక పెద్ద మార్పు వస్తేనే కదులుతుంది. నిశ్చింతగా రాసుకో.

నీ తమ్ముడు

తా.క. నువ్వు చెరపడం మానేస్తే నాకీ పని తప్పేది.

తమ్ముడికి,

అంకె కదలడం మానేసింది. "చెరపడం ఆగిందంటే రాజీనామా ఖాయమైనట్టే" అని ఆయన ఆఫీసంతా చాటాడు. కాదంటే, "అందరూ మొదట అలాగే అంటారు మేడమ్" అన్నారు. టైపిస్టు కళ్లు తుడుచుకుంది. నా అంకెను పూర్తిగా దాచెయ్యరా.

అక్క

తా.క. నేను వెళ్లాక నా సీటు తనకేనని, పక్క సీటాయన నా కిటికీ కొలతలు తీసుకున్నాడు. కర్టెన్‌కట.

అక్కకి,

దాచేశాను. ఇక ఎవరి అంకె వాళ్లకే కనిపిస్తుంది.

నీ తమ్ముడు

తా.క. ఈరోజుకి నీ ఒక్కదానిదే అయింది. మిగతావాళ్లవి రేపు.

తమ్ముడికి,

ఎంత పని చేశావురా! పట్టికలో నా ఒక్కదాని వరుసే లేకపోయేసరికి, నన్ను తీసేశారనుకుని గురువారం వీడ్కోలు సభ పెట్టేశారు. లేచి చెప్పబోతే, "కూర్చోండి మేడమ్, మీరు మాట్లాడితే మేం తట్టుకోలేం" అన్నారు.

కూర్చున్నాను. "ఆవిడ చూసిన నివేదికని మళ్లీ సరిచూడం" అన్నాడు అకౌంటెంటు. "నాకు పని నేర్పింది ఆవిడే" అంది టైపిస్టు. పక్క సీటాయనైతే, "ఆలస్యంగా తేలుస్తారు, కానీ తేల్చాక మళ్లీ మార్చాల్సిన అవసరం రాదు" అన్నాడు.

నాకిచ్చిన పూలగుత్తి మీది కాగితం విప్పి, వెనక ఆ మాటలన్నీ రాసుకున్నాను. సీటుకెళ్లి, 'నా అర్హతలు' కింద వాళ్లు అన్నవే ఎవరన్నారో చెప్పి రాసి పంపేశాను. ఒక్క అక్షరం చెరపలేదు. నా మాటలైతే చెరిపేదాన్ని.

పంపేశానని ఇంకా నమ్మకం కుదరని
నీ అక్క

తా.క. పోస్టు నాకే వస్తే, నేను అడిగినా సరే పక్క సీటాయన అంకె నాకు కనబడనివ్వకు. నన్ను నేను నమ్మలేను.