ఓడలో మేకలెన్ని

మిర్యాలగూడ, 1949 జూలై, ఆదివారం రాత్రి

ఇవాళ నిద్ర పట్టేలా లేదు. సాయంత్రం ప్రార్థనలో తోడికోడళ్లు శౌరమ్మ, దీనమ్మ బైబిలు వరద కథలోని నోవహు ఓడ గురించి వాదులాడుకున్నారు. ఇద్దరికీ చదువు రాదు. చెరో అధ్యాయం నేనే నోటికి నేర్పాను. ఓడలోకి ప్రతి జంతువూ రెండేసి ఎక్కాయని శౌరమ్మ చెబుతుంటే, దీనమ్మ ఆపింది.

"రెండు గాదక్కా, మేకలసొంటియి ఏడేసి జతలు. పంతులు నాకు గట్లనే నేర్పిండు."

వచ్చే ఆదివారానికల్లా ఎవరిది తప్పో వాళ్లను దిద్దమని పాస్టరు అయ్యగారు నాకు చెప్పారు.

ఇంటికొచ్చి బైబిలు తెరిస్తే ఇద్దరిదీ ఒప్పే. 'దేవుడు' అని ఉన్న చోట ఎర్ర పెన్సిలు, 'యెహోవా' అని ఉన్న చోట నీలం పెన్సిలు గీస్తూ పోయాను. ఎర్ర గీతల్లో రెండేసి జంతువులు, నూట యాభై రోజుల నీళ్లు. నీలం గీతల్లో ఏడేసి జతలు, నలభై రోజుల వాన. ఒకటి రెండు చోట్ల రంగులు కలిసిపోయాయి గానీ, ఏ రంగుకా రంగు విడిగా చదివితే దాదాపు నిండు కథే! ఒకే వరదను ఇద్దరు చెప్పారు. మూడోవాడెవరో దేన్నీ వదులుకోలేక రెండింటినీ ఒకే తాడుగా పేనాడు.

ఈ మాట అయ్యగారితో అంటే మిషను బడిలో నా పంతులు ఉద్యోగం నిలుస్తుందా...

మా ఆవిడ సుగుణ అంతా విని, "మరి ఎవలను దిద్దుతరు?" అంది.

ఆ పేనినవాడే ఎవర్నీ దిద్దలేదు. వచ్చే ఆదివారం ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి, ఎవరిది వాళ్లతో చెప్పిస్తాను. ఇక అయ్యగారు దిద్దాల్సింది నన్నే.