ముందు కళ్ళు పెట్టిన సిపాయిలు

అమ్మాయీ, నేను కార్లకు రంగు కొట్టే షెడ్డుకు వెళ్తున్నాను. కంప్రెసర్ గాలి తగ్గించి పెట్టాను, పెంచకు. రంగు పాలంత పలచగా కలుపు. బొమ్మ కోటగోడలకు, గుట్టలకు ముందు రంగు కొట్టెయ్, గంట పని. బొమ్మలతో యుద్ధం ఆట ఆడేవాళ్ళు సాయంత్రానికి అవి కావాలన్నారు. రంగు మార్చినప్పుడల్లా రంగు చిమ్మే ఎయిర్ బ్రష్ సూది తీసి కడుగు. నిన్నటిలా ఎండిపోనివ్వకు.

కిటికీ దగ్గరి ట్రేలో ఉన్న ఇరవై మంది సిపాయి బొమ్మల మీద నిన్న అడుగుపూత నల్లరంగు కొట్టేశావు. ఇంకా మొదలుపెట్టని బొమ్మలనుకున్నానన్నావు. మీ అమ్మ ముందు కళ్ళు పెట్టి, తర్వాతే బట్టలకు రంగు వేసేదని నీకు తెలియదా? "చూపు లేనివాడికి చొక్కా ఎందుకు" అనేది. ఆఖరిసారి ఆసుపత్రికి వెళ్ళే ముందు రోజు కూర్చుని ఆ ఇరవై మందికీ కళ్ళు పెట్టింది. త్వరగా కొట్టడం నీకు నేర్పింది నేనే. చూసి కొట్టమని కూడా చెప్పాలని తోచలేదు.

పొద్దున ఒకదాన్ని స్పిరిట్‌తో తుడిచి చూశాను. నలుపుతో పాటు కళ్ళూ వచ్చేశాయి. మిగతావాటిని ముట్టుకోకు. వాటి మీద ఇంకే రంగూ వెయ్యకు.

అన్నం మూతపెట్టి ఉంచాను. తిను.

క్షమించమని నువ్వు రాసిన కాగితం చూశాను. నన్నెందుకు అడుగుతావు? ఆ కళ్ళు నేను పెట్టినవి కావు.